కారుకు సీకాయ తలంటు

థిన్నరు వాసన తగిలితే చాలు, మా చిన్నాయనకు ఆ కథ తన్నుకొస్తుంది. మొన్న మా ఇంటి గేటుకు రంగు వేయిస్తున్నాను. ఆయన వరండాలోకి కుర్చీ లాక్కుని కూర్చుని, ఏ పాపం ఎరగని పక్కింటి కొత్త కోడలిని పట్టుకుని మొదలుపెట్టాడు. మా వదిన కారు లోపలంతా ఇలాంటి గేటు పెయింటే పూసి తగలేసిందమ్మా, కొనడానికొచ్చినవాడు తలుపు తీసి చూసి పరుగో పరుగు, ఆ డొక్కు అట్లా మా అన్న మెడకు చుట్టుకుని ఉండిపోయింది, అని. మా బంధువుల్లో ఈ కథ వినని చెవి లేదు. సీమంతాల్లో చెప్పాడు, షష్టిపూర్తుల్లో చెప్పాడు, ఒకసారి కర్మకాండ భోజనాల దగ్గర కూడా చెప్పి నలుగురినీ నవ్వించాడు. అందరూ నవ్వుతారు. నేను నవ్వను, ఎందుకంటే అందులో నిజం థిన్నరు వాసన ఒక్కటే. ఆ నవరాత్రుల్లో చిన్నాయన ఇంటిపట్టున ఉన్నది భోజనాల వేళకే; మిగతా పొద్దంతా ఏ సినిమా హాల్లో కూర్చున్నాడో ఆయనకే తెలియాలి. నేను మాత్రం ముక్కుకు గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా నల్లరంగుతో, మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా అమ్మ పక్కనే ఉన్నాను. కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాది.

అవి తొంభైల మొదటి ఏళ్లు. మెద్రాసులో మా ఇల్లు పురసవాక్కంలో, అంగడి సౌకార్‌పేటలో. సీకాయ, కుంకుడుకాయ, కస్తూరి పసుపు, వట్టివేళ్లు మూటల లెక్కన అమ్మే వ్యాపారం మాది. సాయంత్రం నాయన ఇంటికొస్తుంటే ఆయనకన్నా ముందు ఆయన చొక్కాలోని సీకాయ ఘాటు గడప దాటేది, మేమంతా వరసగా తుమ్మేవాళ్లం, ఆ తుమ్ములు విని అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టేది. ఎవరో రిటైరైన ఆఫీసరు దగ్గర నాయన ముచ్చటపడి ఒక తెల్లకారు కొన్నాడు. కొన్నాక తెలిసిందాయనకు, ఆటోలే పక్కకు ఒరుసుకుంటూ పోయే సౌకార్‌పేట సందుల్లోకి దాన్ని దూర్చడం మనిషి వల్ల అయ్యే పని కాదని. దాంతో ఆయన మళ్లీ ఆటో ఎక్కాడు, కారు మా ఇంటి ముందు ఎండలో నిలబడిపోయింది.

మెద్రాసు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. నల్లగా ఉండాల్సిన డాష్‌బోర్డు బూడిద పట్టిన పెనంలా తెల్లబారింది. తలుపు పిడులు పట్టుకుంటే పనసకాయ కోసిన చేతుల్లా వేళ్లు బంకబంకగా అతుక్కునేవి. గ్లవ్ బాక్సు మూత ఒక మూల పైకి లేచి, అలిగినవాళ్ల పెదవిలా వంకర తిరిగింది. తలుపు తీస్తే కాలిన రబ్బరూ పాత చెప్పులూ కలిసిన వాసన గుప్పున కొట్టేది. మాకు ఆ వాసనే స్వర్గం. వీధిలో పిల్లలందరం బడి నుంచి రాగానే అందులో దూరి బస్సాట ఆడేవాళ్లం. నేనెప్పుడూ కండక్టరునే, ఎందుకంటే పురసవాక్కం నుంచి టి. నగర్ దాకా స్టాపులన్నీ గుక్క తిప్పుకోకుండా అరవగలిగేది నేనొక్కదాన్నే. ఆ నోరు ఇప్పటికీ తగ్గలేదని మా ఆయన అంటుంటాడు.

మా అమ్మ బీఎస్సీ కెమిస్ట్రీ. ఆ డిగ్రీని మా ఇంట్లో పాలల్లో నీళ్లు కలిశాయో లేదో చెప్పడానికి తప్ప ఎవరూ వాడుకోలేదు. కారు ఊరికే పడుందని ఆమె డ్రైవింగు స్కూల్లో చేరింది. పొద్దున్నే ఇడ్లీ పాత్ర దించి, చీర కొంగు బొడ్లో దోపుకుని వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు మొహం వెలిగిపోతూ వచ్చేది. లైసెన్సు కూడా వచ్చింది. కానీ ఆ స్కూలు బండిలో నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు ఉండేదట. ఆమె ఎంత బాగా నడిపినా అతని కాలు దాని మీదే. పక్కవాడి కాలు బ్రేకు మీద లేకుండా ఒక్కసారి, మెయిన్ రోడ్డు మీద, తనకు తానుగా బండి నడపాలి. అమ్మకు ఉన్న కోరిక అదొక్కటే. నగలు అడగలేదు, పట్టుచీరలు అడగలేదు. నాయన "చూస్తాం" అనేవాడు. ఆ మాటకు మా ఇంట్లో వద్దు అని అర్థం.

ఆ ఏడాది నవరాత్రులకు కాస్త ముందు టి. నగర్‌లో ఒక పెళ్లికి అందరం ఆ కారులోనే వెళ్లాం. నాయనే నడిపాడు. దిగేసరికి అవ్వ లేత నెమలికంఠం రంగు పట్టుచీర మీద, మోకాలి నుంచి నడుము దాకా నల్లటి జిగురు చారలు. మండపం గుమ్మంలో పన్నీరు చల్లే అమ్మాయి కూడా ఆగి చూసింది. భోజనాల బంతిలో అవ్వ కొంగు కప్పుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక నాయన తాళంచేతులు బల్ల మీద పడేశాడు.

"పండగ పోతానే దీన్ని అమ్మి తోసేస్తా. ఇంత రోత, అసింగం బండి మన వాకిట్లో వద్దు."

"లోపల కొత్తదాని మాదిరి చేస్తే?" అంది అమ్మ.

"ఎవురు చేసేది?"

"నేను."

నాయన నవ్వాడు. చేసి చూపించు, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. ఆ నవ్వు అమ్మకు ఎక్కడో తగిలింది. మర్నాడే ఆయన బ్రోకరుకు మాటిచ్చేశాడని కూడా తెలిసింది. విజయదశమి మంచిరోజు కాబట్టి ఆ రోజే కొనేవాణ్ని వెంటబెట్టుకుని వస్తాడట. అంటే ఆయుధపూజ లోపల కారు లోపలి భాగం మారాలి, లేదంటే కారూ పోతుంది, అమ్మ స్టీరింగూ పోతుంది. బండి లేని లైసెన్సును ఏం చేసుకుంటుంది, పటం కట్టి గోడకు తగిలిస్తుందా?

ఇక చూడండి మా సంబరం. ఒకపక్క ముందుగదిలో బొమ్మల కొలువు, పొద్దున లేస్తే శనగలు నానడం, సాయంత్రం పోపులో ఎండుమిరపా ఇంగువా చిటపటలాడటం, కొబ్బరి తురుము చల్లిన వేడివేడి సుండల్ ఆకు దొన్నెల్లో పేరంటాళ్లకు పెట్టడం. ఇంకోపక్క వాకిట్లో స్క్రూడ్రైవరుతో అమ్మ కారులో తలకిందులుగా దూరి, ఒక్కొక్క ప్లాస్టిక్ ముక్కా ఊడదీయడం. గ్లవ్ బాక్సు మూత, ఆష్‌ట్రే, కిటికీ అద్దాలు తిప్పే పిడులు, రేడియో చుట్టూ ఉండే చట్రం, తలుపుల చేతిపట్లు. ఊడినవి ఊడినట్టు నేను మొట్టమాడికి, అంటే మా మేడ పైకి, మోసుకుపోయేదాన్ని. ఏ మరలు ఎక్కడివో కలిసిపోకుండా వాటిని కొలువులో మిగిలిన పాత మట్టిచిప్పల్లో విడివిడిగా పోసి పెట్టేదాన్ని. గరుకు కాగితంతో రుద్దడం కూడా నా పనే. గీతలన్నీ పోయేదాకా రుద్ది రుద్ది వేళ్ల చివర్లు నున్నబడి, సుండల్ తింటే కారం చురుక్కుమనేది.

అమ్మ తెచ్చిన రంగు మెరుపు లేని నలుపు. గేటు పెయింటు కాదు, రాసుకోండి. కుంచెతో పూస్తే చారలు పడతాయని, దోమల మందు కొట్టే చేతిపంపు కొత్తది కొనుక్కొచ్చి, థిన్నరు కలిపి అందులో పోసింది. మొదటిసారి కొట్టిన క్షణం నాకింకా కళ్లముందే ఉంది. నల్లటి మంచులా రంగు గ్లవ్ బాక్సు మూత మీద వాలింది. వాలీ వాలకముందే చేమాకు మీద నీళ్లలా విడిపోయి, చుక్కలు చుక్కలుగా ముడుచుకుని, మధ్యలో గుండ్రటి బోసి మచ్చలు వదిలేసింది. తుడిచి మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. ఆష్‌ట్రే మీదా అదే. అమ్మ ఆ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తలెత్తి పిట్టగోడ దగ్గర వత్తులు చేసుకుంటున్న అవ్వ వైపు చూసింది.

కొబ్బరినూనె. శుక్రవారం శుక్రవారం దీపాల పని అయ్యాక మిగిలిన నూనె గుడ్డతో అవ్వ మూడింటికి రాసేది: చెక్క బీరువాకు, తన మోకాళ్లకు, కారుకు. నిగనిగలాడాలని. కారు కొన్ననాటి నుంచీ తాగిన నూనె అది. గరుకు కాగితం దాన్ని తీయలేదు సరికదా, ఇంకా లోపలికి తోసింది. అమ్మ సబ్బు పెట్టి కడిగింది, థిన్నరు పెట్టి తుడిచింది. థిన్నరుకు ప్లాస్టిక్కు మెత్తబడుతుందని భయపడి ఆపేసింది. పండగ ముంచుకొస్తోంది. ఆమె మెట్ల మీద కూలబడింది. అవ్వేమైనా నొచ్చుకుందా అంటే అదీ లేదు.

"ఏందిమే, అంగడి నిండా సీకాయ పెట్టుకుని నూనె పోలేదని ఏడుస్తాండావు? తలకు పట్టిన నూనె దేంతో పోతాదో కారుకు పట్టిందీ దాంతోనే పోతాది. లెయ్."

మా ఇంట్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇలా జరిగి ఉండదని నేను పందెం కడతాను. గంజిలో సీకాయ పొడి కలిపి, దీపావళికి మాకు కలిపినంత చిక్కగా కలిపి, అవ్వ చీర ఎగగట్టుకుని కూర్చుంది. నీళ్లు మరీ వేడైతే ప్లాస్టిక్కు వంగుతుందని అమ్మ మోచెయ్యి ముంచి గోరువెచ్చగా చూసింది. కొబ్బరి పీచుతో ఒక్కొక్క ముక్కనూ పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకున్నట్టు పెట్టుకుని అవ్వ రుద్దుతుంటే, గోధుమరంగు నురగ మేడంతా పాకి తూము వైపు పారింది. నాకు కళ్లు మంట, ముక్కు కారడం, తుమ్ములు, నవ్వు, అన్నీ ఒకేసారి. పక్క మేడ మీద బట్టలారేస్తున్న అరవమామి చేతిలో తడి పావడా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మధ్యలో చిన్నాయన ఒక్కసారి పైకొచ్చాడు, అన్నం ఎప్పుడని అడగడానికి.

"వదినా, తలంటు అయింది గదా, జడెప్పుడేస్తావు?" అని దిగిపోయాడు. ఆయన ప్రత్యక్షసాక్ష్యం మొత్తం అంతే.

తలంటయితే సాంబ్రాణి పట్టాలి కదా. కడిగిన ముక్కలు పరిచాక అవ్వ నిప్పులు కణకణలాడే ధూపకుండ పట్టుకుని మెట్లెక్కింది. ఇక్కడ థిన్నరు డబ్బా మూత తీసి ఉంది. అమ్మ అత్తగారి మీద అరవడం జీవితంలో అదొక్కసారే విన్నాను. అవ్వ అలిగి కిందికి దిగి, ఆ ధూపమంతా కొలువు గదిలో పెట్టింది. ఆ సాయంత్రం పేరంటాళ్లు దగ్గుతూ పాటలు పాడారు.

ముక్కలు ఆరాయి. అమ్మ పంపు తీసింది. రంగు వాలింది, పరుచుకుంది, నిలిచింది. ఒక్క బోసి మచ్చ లేదు. అమ్మ పంపు కింద పెట్టి, నల్లచేతులతోనే నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది, నా పావడా పాడైపోయింది. పల్చగా ఒక పూత, ఎండలో ఆరబెట్టడం, మళ్లీ పల్చగా ఇంకొకటి. ఆత్రపడి దట్టంగా కొడితే కారుతుందని ఆమె నన్ను పంపు ముట్టుకోనివ్వలేదు. ఆ బాధ తీర్చుకోవడానికి నేను పాత ట్రంకుపెట్టెలు మెట్లుగా పేర్చి, పైన తెల్లదుప్పటి పరిచి, ఆరిన ముక్కలన్నీ దాని మీద బొమ్మల్లా వరసగా పెట్టాను. పైమెట్టు మీద రేడియో చట్రం, కిందికి పిడులు, అట్టడుగున ఆష్‌ట్రే. ఆ కబురు వీధిలోకి పాకింది. ముందుగదిలో పసుపుకుంకాలు తీసుకున్న ఆడవాళ్లంతా సుండల్ దొన్నెలతో మేడెక్కి రెండో కొలువు కూడా చూసి వెళ్లారు. పక్కింటి మామి గ్లవ్ బాక్సు మూతను వేలితో నిమిరి, తన మిక్సీకి కూడా ఇట్లా చేసిపెడతావా అని అమ్మను అడిగింది. గేటు పెయింటు పూసిన వస్తువును చూసి ఎవరైనా అలా అడుగుతారా? మీరే చెప్పండి.

మిగిలింది డాష్‌బోర్డు. అది ఊడిరాదు, కారులోనే, మీటర్లకూ అద్దానికీ పేపర్లు అంటించి కొట్టాలి. అప్పుడే ముసురు పట్టింది. అరవంవాళ్ల ఐప్పసి నెలలో మెద్రాసు వానలు ఎప్పుడూ ఇంతే, ఎవరి పని అర్జెంటో చూసుకుని దిగుతాయి. ఆయుధపూజ ముందురోజు మధ్యాహ్నం తెరిపి ఇస్తే అమ్మ ఆ పూటే పని కానిచ్చింది. గాలిలో తడి వల్ల పైకి ఆరినట్టు కనిపించినా వేలు పెడితే లోపల ఇంకా మెత్తగా ఉంది. అయినా చూడటానికి ఎంత బాగుందో. నల్లగా, నిండుగా, వానకు తడిసిన మేడలా చల్లగా.

పూజనాడు కారు కడిగి, చామంతి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బొరుగులూ బెల్లమూ శనగలూ పళ్లెంలో సిద్ధం చేశాం. అవ్వ గంధం గిన్నే కుంకుమ భరిణే పట్టుకుని ముందు బానెట్టుకు, తర్వాత చక్రాలకు బొట్లు పెట్టి, ముందుతలుపు తీసి లోపలికి వంగింది.

"అత్తా, ఆడ ముట్టొద్దు. ఇంకా ఆరలా."

"సామికి తడేంది, పొడేంది" అని అవ్వ, డాష్‌బోర్డు నట్టనడుమ గంధం రాసి, ఉంగరపు వేలితో ఇంత కుంకుమ అద్దింది. వేలు తీసేసరికి అది రంగులో దిగబడిపోయింది. వేలిగీతలతో సహా ఎర్రటి బొట్టు. అమ్మ గుమ్మంలోకి వెళ్లి తలుపు వెనక నిలబడింది. ఆమె భుజాలు కదలడం నాకు కనపడింది. నేనూ ఆమె దగ్గరికెళ్లిపోయి, గుమ్మడికాయ కొట్టేటప్పుడు కూడా బయటికి రాలేదు.

మర్నాడు బ్రోకరు, కొనేవాడు ఇద్దరూ వచ్చారు. కాఫీ గ్లాసులు తీసుకెళ్లింది నేను, కాబట్టి బాగా వినండి. కొనేవాడు జేబురుమాలు తీసి, జిగురంటుతుందేమోనని భయంభయంగా పిడి పట్టుకున్నాడు. తలుపు తీశాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చేతిపట్లు తడిమాడు, గ్లవ్ బాక్సు తెరిచి మూశాడు, ఏ షాపులో చేయించారని అడిగాడు. నాయన ఏ షాపూ కాదన్నాడు, అంతకు మించి చెప్పలేదు. అతను వీధి చివరిదాకా నడిపి తిరిగొచ్చి, రోజు బాగుంది, ఇవాళే తీసుకుపోతానన్నాడు. అప్పుడు ఆ బొట్టు కనపడింది. బొటనవేలు తడి చేసి రుద్దాడు. పోలేదు. పరవాలేదు, పైన చిన్న చాప లాంటిది వేసుకుంటానన్నాడు. వినపడిందా చిన్నాయనా? పరవాలేదన్నాడు. పరుగెత్తలేదు.

నాయన తాళంచేతుల మీద చెయ్యి పెట్టి, అరవంలో నిదానంగా చెప్పాడు. అమ్మవారి బొట్టు బండికి అతుక్కుపోయింది, ఇంక ఇది మా ఇల్లు దాటకూడదు, ఏమీ అనుకోకండి. బ్రోకరు ఎంత మొత్తుకున్నా వినలేదు. వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు. నాయన లోపలికొచ్చి, అమ్మ వైపు చూడకుండా, తాళాలు వంటింటి గట్టు మీద పెట్టి, "అమ్మవారు వద్దనింది" అన్నాడు.

ఆ సాయంత్రమే అమ్మ స్టీరింగు పట్టుకుంది. పక్కన అవ్వ, వెనక నేనూ నాయనా. పురసవాక్కం హైరోడ్డు మీద పండగ జనం, పూలబుట్టలు, అరిటిపిలకలు కట్టిన ఆటోలు, బస్సు హారన్లు. అమ్మ పెదవులు బిగించి, గేరు మార్చిన ప్రతిసారీ గాజులు గలగలమంటూ, ఒక్కచోట కూడా ఆగిపోకుండా సముద్రం దాకా తీసుకుపోయింది. పక్కన ఎవరి కాలూ ఏ బ్రేకు మీదా లేదు. కిటికీలన్నీ తీసి ఉన్నా లోపలంతా కొత్తరంగు వాసన, దానికింద ఎక్కడో సన్నగా సీకాయ. ఇసుక దగ్గర ఇంజను ఆపాక కూడా ఆమె చేతులు స్టీరింగు మీద నుంచి తీయలేదు. ఆమె వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆ మొహంలో ఏముందో నేను రాయలేను. నాయన మాత్రం ఆ పిడులూ పట్లూ ఒక్కొక్కటీ తడుముతూ కూర్చున్నాడు, దారి పొడుగునా.

ఇప్పుడా ఇల్లు లేదు, అపార్టుమెంటు లేచింది. మొట్టమాడి మీదికి ఎక్కడానికి అసోసియేషను తాళం అడగాలి. సౌకార్‌పేట అంగడి చేతులు మారింది. తలంటు పోసిన అవ్వ లేదు. నా కారు డాష్‌బోర్డు మీద గీత పడితే ఊడదీయడానికి ఒక్క మర కూడా బయటికి కనపడదు. అమ్మ ఇప్పటికీ ఆ అమ్మవారి మాటే నమ్ముతుంది, చిన్నాయన తన కథే చెప్పుకుంటాడు.

కానీ నాయనా, ఎనభై దాటాయి కదా, ఇకనైనా చెప్పు. ప్రతి ఆయుధపూజకూ బొట్లు పెట్టి పెట్టి అట్టకట్టిన అంగడి తక్కెడను పాత ఇనుముకు వేసింది నువ్వే. లక్ష్మీదేవి బొమ్మ చెక్కిన ఇనపపెట్టెను కుంకుమతో సహా అమ్మింది నువ్వే. ఇంజను చెడ్డాక ఆ కారునే, ఆ బొట్టుతోనే, తుక్కువాడికి అప్పజెప్పి లోపలికొచ్చి పేపరు చదువుకున్నదీ నువ్వే. బొట్టు నీ చెయ్యి ఏనాడూ పట్టుకోలేదు. నేనెప్పుడు అడిగినా కాఫీ చల్లారిందంటావు. "బాగా చేసుండావు, బండి నీదే, నడుపుకో" అని అమ్మతో నోరు తెరిచి అనడానికి నీకు అమ్మవారి సాయం ఎందుకు కావాల్సి వచ్చింది?